షుగర్ బీట్‌లో పురుగుమందుల ప్రయోగం: మిత్ర పురుగులు తగ్గింది మందుకా, ఆకలికా?

పొలంగట్టు
షుగర్ బీట్‌లో ప్లాట్లు వేయబోతున్నాం. ట్రీట్‌మెంట్లు నాలుగు: ఏ మందూ పట్టించని విత్తనం; టెఫ్లుథ్రిన్ పట్టించిన విత్తనం; అదే విత్తనం మీద లాంబ్డా సైహలోథ్రిన్ పిచికారీ; అదే విత్తనం మీద ఫ్లోనికామిడ్ పిచికారీ. పేనుబంకతో పాటు అక్షింతల పురుగులు, నేల పెంకు పురుగులు, సాలీళ్ళు కూడా లెక్కపెట్టాలి. ప్లాటు 3 × 10 మీటర్లు, ఒక్కో ట్రీట్‌మెంట్‌కు నాలుగు ప్లాట్లు, అంటే నాలుగు రెప్లికేషన్లు, వారానికోసారి లెక్క. తప్పులుంటే విత్తకముందే చెప్పండి, విత్తాక చెబితే ఏడవడం తప్ప చేసేదేమీ ఉండదు.

పెంకుపురుగు
ట్రీట్‌మెంట్ల ఎంపిక బాగుంది. దెబ్బంతా ప్లాటు సైజు దగ్గరే.

3 × 10 ప్లాటు పేనుబంకకు చాలు. రెక్కల్లేని పేను పుట్టిన మొక్క చుట్టుపక్కలే బతుకుతుంది. టెరోస్టికస్ లాంటి పెద్ద నేల పెంకు పురుగు అలా కాదు, ఒక్క రాత్రిలో మీ ప్లాటును అడ్డంగా దాటేసి పక్క ప్లాటులో తేలుతుంది. మందు కొట్టిన చోట చచ్చినవాటి జాగాలోకి కొట్టని చోటి నుంచి వచ్చి చేరతాయి. వారం తిరిగేసరికి రెండు చోట్లా ఒకే లెక్క వస్తుంది, మీరేమో 'మందు ప్రభావం లేదు' అని రాసుకుంటారు. చిన్న ప్లాట్లలో లాంబ్డా సైహలోథ్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు మంచివాళ్ళలా కనబడటానికి సగం కారణం ఇదే.

దారులు రెండు. వీలైతే ప్లాటు 50 × 50 మీటర్లు వేసి, ట్రాపులు (నేల పురుగులు పడేలా మట్టిలో పాతే కప్పులు) మధ్యలోని 20 × 20 లోనే పెట్టండి. అంత స్థలం లేకపోతే ప్లాటు చుట్టూ ప్లాస్టిక్ షీటు 20 సెం.మీ. నేలలోకి, 30 సెం.మీ. పైకి ఉండేలా నిలబెట్టండి. అయితే షీటు లోపల బయటి నుంచి కొత్తవి రావు కాబట్టి మందు దెబ్బ అసలు పొలంలో కంటే పెద్దగా కనిపిస్తుంది. పైగా మీ ట్రాపులే లోపలి పురుగుల్ని ఖాళీ చేసేస్తాయి. షీటు కట్టిన ప్లాటులో ట్రాపులు రెండు మూడుకు మించొద్దు, అవీ వారానికి రెండు రోజులే తెరిచి ఉంచాలి.

పొలంగట్టు
50 × 50 నాలుగు రెప్లికేషన్లంటే నాలుగు హెక్టార్లు. అంత దొరకదు. మూడు రెప్లికేషన్లకు తగ్గిస్తే?

లెక్కలమనిషి
తగ్గించండి, కానీ ట్రీట్‌మెంట్ కూడా ఒకటి తగ్గించండి. ఒక్క పెద్ద ప్లాటులో పది ట్రాపులు పెట్టి పది రెప్లికేషన్లని మాత్రం రాయొద్దు. రెప్లికేషన్ అంటే ప్లాటు, ట్రాపు కాదు. ఒక ప్లాటులోని ట్రాపులన్నీ కలిపి ఒక్క అంకె.

నా ఓటు: మందు పట్టించని విత్తనం ప్లాట్లను చిన్న సైజులో విడిగా వేసి మొలకల లెక్కకే వాడుకోండి. పెద్ద ప్లాట్లు మూడు ట్రీట్‌మెంట్లకే. టెఫ్లుథ్రిన్ ఆ మూడింటిలోనూ ఉంటుంది కాబట్టి పోలిక చెడదు.

గుళికలడబ్బా
దానికి నేనూ సరే. టెఫ్లుథ్రిన్ మొక్కలోకి ఎక్కే మందు కాదు. విత్తనం చుట్టూ కొద్ది సెంటీమీటర్ల మట్టిలో ఆవిరిగా పని చేస్తుంది. మొలకను కొరికే అటోమేరియా, వైర్‌వార్మ్, సింఫిలిడ్లకు పనికొస్తుంది. పేనుబంక మీద దీని ప్రభావం సున్నా. లక్ష విత్తనాల యూనిట్‌కు 10 గ్రాముల మోతాదులో నేల పైన తిరిగే పెంకు పురుగులకు పెద్ద ముప్పు ఉండదు. మొక్కలోకి ఎక్కే నియోనికోటినాయిడ్ రకం మందు పట్టించిన విత్తనంతో దీన్ని కలగలిపి 'విత్తన శుద్ధి చేసినది' అని ఒకే పేరు పెట్టేస్తుంటారు, ఆ పొరపాటు చేయకండి.

లెక్కలమనిషి
ఇప్పుడు అసలు చిక్కు. మందు కొట్టిన వారానికి అక్షింతల పురుగులు సగమయ్యాయనుకోండి. అవి మందు తగిలి చచ్చాయా? లేక పేనుబంక పోయింది కాబట్టి తిండి వెతుక్కుంటూ లేచిపోయాయా? లెక్క రెండింటికీ ఒకేలా ఉంటుంది, అర్థం వేరు. మొదటిది విషం, రెండోది వలస.

మీ దగ్గర ఫ్లోనికామిడ్ ఉంది కాబట్టి దీన్ని విడదీయొచ్చు. ఫ్లోనికామిడ్ అక్షింతల పురుగుల్ని, అల్లిక రెక్కల పురుగుల్ని పెద్దగా చంపదు, పేనుబంకను మాత్రం ఊడుస్తుంది. అంటే ఆ ప్లాటులో మిత్ర పురుగులు ఎంత తగ్గితే అంత, దాదాపుగా, ఆకలి లెక్క. పైరెత్రాయిడ్ ప్లాటులో అంతకు మించి తగ్గినది విషం లెక్క. మందు కొట్టని ప్లాటు ఒక్కదానితోనే పోల్చితే ఈ రెండూ కలిసిపోతాయి.

మందు కొట్టే ముందు లెక్క తప్పనిసరి. ప్లాట్లన్నీ ఒకే చోటు నుంచి మొదలవ్వవు. అందుకే హెండర్సన్-టిల్టన్ సూత్రం (కంట్రోల్ అంటే పిచికారీ చేయని ప్లాటు):

తగ్గుదల శాతం = 100 × (1 − (మందు ప్లాటు తర్వాతి లెక్క × కంట్రోల్ ముందు లెక్క) ÷ (మందు ప్లాటు ముందు లెక్క × కంట్రోల్ తర్వాతి లెక్క))

మందు ప్లాటులో 40 కాస్తా 12 అయ్యాయి, కంట్రోల్‌లో 36 పెరిగి 54 అయ్యాయి అనుకుందాం. 12 × 36 = 432. 40 × 54 = 2160. భాగిస్తే 0.2. తగ్గుదల 80 శాతం. ఉత్తి 40 నుంచి 12 చూస్తే 70 శాతమే అనిపిస్తుంది. ఆ వారంలో కంట్రోల్ పెరిగిన సంగతి అందులో రాదు.

ఇంకొకటి. ఈ 80ని తీసుకెళ్ళి ఐఓబీసీ (జీవ నియంత్రణ అంతర్జాతీయ సంస్థ) వాళ్ళ హాని తరగతుల్లో పెట్టేటప్పుడు ఏ పట్టిక చూస్తున్నారో గమనించండి. ప్రయోగశాల పట్టికలో 30 శాతం లోపు హాని లేనిది, 30–79 కొద్దిగా, 80–99 ఓ మోస్తరు, 99 దాటితే హానికరం. పొలం పట్టికలో 25 లోపు, 25–50, 51–75, 75 పైన. అదే 80 శాతం ప్రయోగశాలలో మూడో తరగతి, పొలంలో నాలుగోది.

వైరస్‌పసుపు
లెక్కలన్నీ సొంపుగానే ఉన్నాయి కానీ మూల ప్రశ్న ఎవరూ అడగడం లేదు. బీట్‌లో పచ్చ పేనుబంక, అంటే మైజస్ పెర్సికే, రసం పీల్చి చేసే నష్టం లెక్కలోకి రాదు. నష్టమంతా అది తెచ్చే పసుపు తెగులు వైరస్‌లది. తొలి దశలో సోకితే బీవైవీ (బీట్ ఎల్లోస్ వైరస్) దిగుబడిలో దాదాపు సగం వరకూ తినేయగలదు, బీఎంవైవీ (బీట్ మైల్డ్ ఎల్లోయింగ్ వైరస్) మూడో వంతు దాకా. వైరస్ అంటించడానికి వంద పేన్లు అక్కర్లేదు, రెక్కలున్నది ఒక్కటి వాలితే చాలు. అక్షింతల పురుగులు పేన్లు చేరాక రెండు మూడు వారాలకు గానీ గుంపుగా రావు. అప్పటికే పని అయిపోతుంది. మిత్ర పురుగుల్ని కాపాడటం చూడ్డానికి బాగుంటుంది, వైరస్ ఆగదు.

పెంకుపురుగు
సగం ఒప్పుకుంటా. రెక్కల పేను వాలి అంటించే మొదటి మొక్కను ఏ మిత్ర పురుగూ కాపాడలేదు, నిజం. కానీ చేలో పసుపు మచ్చలు గుండ్రంగా ఎందుకు వ్యాపిస్తాయి? ఆ మొదటి మొక్క మీద పుట్టిన రెక్కల్లేని పిల్లలు ఆకు నుంచి ఆకుకు నడిచి పక్క మొక్కలకు అంటిస్తాయి. నష్టంలో పెద్ద వాటా ఈ రెండో దశదే. నడిచే పేన్లను, కిందపడ్డ పేన్లను రాత్రిపూట ఏరుకు తినేవి నేల పెంకు పురుగులు, రోవ్ బీటిల్స్, సాలీళ్ళు. ఇవి పేనుబంక కోసం ఎక్కడి నుంచో ఎగిరి రావాల్సిన పని లేదు, మొలక రాకముందు నుంచే చేలో ఉంటాయి. మీరు చెప్పిన మూడు వారాల ఆలస్యం అక్షింతల పురుగులది, వీటిది కాదు.

మొలకల మీద చిల్లులు కనబడగానే పైరెత్రాయిడ్ కొడితే మొదట పోయేవి ఇవే. మైజస్ మాత్రం పోదు. దానిలో కేడీఆర్, సూపర్ కేడీఆర్ అనే, పైరెత్రాయిడ్‌ను తట్టుకునే జన్యు మార్పులు చాలాచోట్ల స్థిరపడిపోయాయి, పైరెత్రాయిడ్ దానికి స్నానం లాంటిది. కాపలా వాళ్ళను పంపేసి దొంగను ఇంట్లో ఉంచినట్టు. పిరిమికార్బ్ అనే మరో పేనుబంక మందుకూ దానిలో మేస్ అనే నిరోధకత మార్పు ఉంది. నల్ల పేనుబంక మీద ఆ మందు ఇంకా పని చేస్తుంది, మిత్ర పురుగులకూ కాస్త మేలే, కానీ పచ్చదానిలో ఆ మార్పు ఉన్నచోట డబ్బు దండగ.

వైరస్‌పసుపు
ఒప్పుకున్నా. అయితే దీని రెండో వైపు కూడా రాసుకోండి. అక్షింతల పురుగు ఒక పేనును పట్టుకుంటే అది తోక దగ్గరి గొట్టాల నుంచి హెచ్చరిక వాసన వదులుతుంది. చుట్టుపక్కల పేన్లు ఆకు వదిలి కిందపడి వేరే మొక్క ఎక్కుతాయి. బీఎంవైవీ ఒకసారి ఒంట్లోకి చేరితే చచ్చేదాకా ఉంటుంది, కుబుసం విడిచినా పోదు, కాబట్టి అలా చెదిరిన ప్రతి పేనూ వైరస్ మోసుకెళ్ళగలదు. బీవైవీ ఒకటి రెండు రోజుల్లో పోతుంది, దానికి చెదరడం వెంటనే జరగాలి. మిత్ర పురుగుల వల్ల పేన్లు తగ్గి కూడా వైరస్ మొక్కలు తగ్గకపోతే ఆశ్చర్యపోవద్దు. పేన్ల లెక్క, పసుపు మొక్కల లెక్క రెండూ విడివిడిగా తీయండి.

ఆకుకింద
ఎన్ని సూత్రాలున్నా లెక్కపెట్టేవాడు ఆకు తిప్పకపోతే వృథా.

పచ్చ పేను గుంపు కట్టదు. నల్లవి లేత ఆకుల మీద మసి పూసినట్టు కనబడతాయి, దూరం నుంచే తెలుస్తాయి. పచ్చవి ఆకు రంగులోనే ఉండి, అడుగు ఆకుల వెనక ఈనె పక్కన ఒకటి, గుబురు మధ్య ముడుచుకున్న లేత ఆకులో ఒకటి, అంతే. ప్లాటులో 10 చోట్ల 10 మొక్కలు. మొక్కను ఊపకుండా ఆకు తొడిమ పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తిప్పాలి. ముందు మిత్ర పురుగుల్ని రాయండి, తర్వాత పేన్లను. అక్షింతల పురుగు నీడ పడగానే కాళ్ళు ముడిచి రాలిపోతుంది, పేన్లను తినే సిర్ఫిడ్ ఈగ పిల్ల మాత్రం ఎక్కడికీ పోదు. రెక్కలున్నవీ లేనివీ వేరే గళ్ళలో రాయాలి. పిచికారీ పరిమితి రెక్కల్లేని పచ్చవాటి మీదే ఆధారపడుతుంది: నాలుగు మొక్కలకు ఒకటి అని కొన్నిచోట్ల, పది శాతం మొక్కల మీద కనబడితే అని కొన్నిచోట్ల. పన్నెండు పదహారు ఆకుల దశ దాటాక ముదురు బీట్ తిన్న పచ్చ పేన్ల పొట్టలో నల్లటి ముద్ద ఏర్పడి అవే చచ్చిపోతాయి. ఆ తర్వాత మందు కొట్టడం అలవాటే తప్ప అవసరం కాదు.

మమ్మీలను వదిలేయొద్దు. పరాన్నజీవి కందిరీగ గుడ్డు పెట్టిన పేను ఉబ్బి, గోధుమ రంగు తిరిగి, ఆకుకు అతుక్కుని బిగుసుకుపోతుంది. లెన్స్‌తో చూడండి. వీపు వెనక భాగంలో గుండ్రంగా, అంచు నున్నగా, మూత తీసినట్టు చిల్లు ఉంటే మన కందిరీగ బయటకు వచ్చినట్టు. అంచు చిరిగినట్టు గరుకుగా ఉంటే లోపలి కందిరీగను ఇంకో పరాన్నజీవి తినేసి వచ్చింది. రెంటినీ కలిపి 'మమ్మీలు 14' అని రాస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. చిల్లు లేనివాటిని గుళిక డబ్బాలో పెట్టి పది రోజులు ఉంచితే ఏది వస్తుందో తెలుస్తుంది.

పొలంగట్టు
మందు కొట్టిన ప్లాటులో కూడా మమ్మీలు అలాగే ఉంటే పైరెత్రాయిడ్ కందిరీగలకు సురక్షితం అనుకోవచ్చా?

ఆకుకింద
అనుకోకూడదు. మమ్మీ గట్టి గూడు, లోపలి కోశస్థ దశకు మందు తగలదు. బయటకు వచ్చిన కందిరీగ అదే ఆకు మీద నడుస్తుంది, అప్పుడు చస్తుంది. మొదటి వారం మమ్మీల లెక్క బాగుంటుంది, మూడో వారం కొత్త మమ్మీలు ఉండవు. తేడా అక్కడ చూడాలి.

పెంకుపురుగు
లెక్క రోజుల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, వారానికోసారి చాలదు. పిచికారీకి ముందు రోజు, తర్వాత 1, 3, 7, 14, 28 రోజులకు తీయండి. పైరెత్రాయిడ్ దెబ్బ మొదటి మూడు రోజుల్లోనే కనబడుతుంది. 28వ రోజు లెక్క 'తిరిగి కోలుకున్నాయా' అన్నదానికి.

ఫ్లోనికామిడ్‌ను మాత్రం ఒకటో రోజు చూసి తీర్పు చెప్పొద్దు. పేను గంటల్లోనే తిండి మానేస్తుంది, కానీ ప్రాణంతోనే ఆకు మీద రెండు నుంచి ఐదు రోజులు ఉంటుంది. మర్నాడు లెక్కపెట్టి 'పని చేయలేదు' అని రెండో మందు కలిపి కొట్టేవాళ్ళు చాలామంది. ఆ రెండోది సాధారణంగా పైరెత్రాయిడే అవుతుంది, మిత్ర పురుగుల కథ అక్కడితో సరి. మోతాదు 50 శాతం గుళిక రూపం మందు హెక్టారుకు 140 గ్రాములు. లేబుల్ చెప్పినన్ని సార్లకు మించి వద్దు.

గుళికలడబ్బా
పేన్ల మీదే పడ్డారు గానీ స్ప్రింగ్‌టెయిల్స్‌ను (మట్టిలో ఉండే చిన్న జీవుల్ని) కూడా ట్రాపుల్లో లెక్కపెట్టండి. మొలక వేరు కొరికే రకం నేల లోపల ఉంటుంది. నేల పైన గెంతే రకాలు పేనుబంక రాకముందు చిన్న పెంకు పురుగులకూ చిన్న సాలీళ్ళకూ రోజువారీ తిండి. క్లోర్‌పైరిఫాస్ లాంటివి ఈ తిండినే చంపేస్తాయి. పైరెత్రాయిడ్ ఉల్టా. వేటాడేవి పోవడంతో స్ప్రింగ్‌టెయిల్స్ పెరుగుతాయి. ట్రాపులో అవి ఎక్కువయ్యాయంటే నేల బాగుందని కాదు, కాపలా పోయిందని కూడా కావచ్చు.

ఎండ కాసి వాన పడని చోటైతే మధ్య సీజన్‌లో ఎర్ర నల్లిని కూడా చూడండి. పైరెత్రాయిడ్ కొట్టిన చేలలో నల్లిని తినేవి పోయి, ఆకులు అంచు నుంచి కంచు రంగు తిరుగుతాయి. చాలామంది దాన్ని నీటి ఎద్దడి అనుకుంటారు.

నేలసాలీడు
విత్తనానికి పట్టించే నియోనికోటినాయిడ్ల గురించి ఎవరూ మాట్లాడలేదే? పిచికారీ లేదు కాబట్టి మిత్ర పురుగులకు ఏమీ కాదని చెప్పేవారు.

పెంకుపురుగు
చెప్పేవారు, సగం నిజం. బీట్ మొదటి ఏడాది పూయదు కాబట్టి తేనెటీగలకు ఆ పంట పువ్వు నుంచి ముప్పు తక్కువ. పిచికారీ మోత తప్పుతుంది, పేనుబంక మీద ఎనిమిది పది వారాల కాపలా దొరుకుతుంది. కానీ మందు మొక్కలో ఉంటే మొక్కను తిన్నదానిలోనూ ఉంటుంది. 2015లో అమెరికాలో సోయా మీద వచ్చిన ఒక అధ్యయనంలో థయామెథాక్సామ్ పట్టించిన విత్తనం నుంచి వచ్చిన మొలకలు తిన్న స్లగ్‌లకు (చిప్ప లేని నత్తలకు) ఏమీ కాలేదు, వాటిని తిన్న పెంకు పురుగులు మాత్రం దెబ్బతిన్నాయి, స్లగ్‌ల నష్టం పెరిగింది. స్లగ్ పురుగు కాదు, మందు దాని మీద పని చేయదు, ఒంట్లో మోసుకెళ్ళి ఇస్తుంది. మొలక దశలో బీట్‌ను కూడా స్లగ్‌లు తింటాయి కాబట్టి ఈ దారి ఇక్కడా తెరిచే ఉంటుంది.

నేలలో మిగిలే మందు, మరుసటి పంట, గట్టు మీది పూల సంగతి వేరే ఉంది. యూరోపియన్ యూనియన్ 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్‌ల ఆరుబయట వాడకాన్ని ఆపింది. తర్వాత బీట్‌కు కొన్ని దేశాలు ఇస్తూ వచ్చిన అత్యవసర మినహాయింపులను 2023 జనవరిలో అక్కడి న్యాయస్థానం తప్పుబట్టింది. అప్పటి నుంచి పిచికారీలు పెరిగాయి కాబట్టే ఏ పిచికారీ ఎవర్ని చంపుతుందన్న మీ ప్రయోగానికి విలువ.

పొలంగట్టు
బార్లీని బీట్ మధ్య తోడు పంటగా వేస్తే పేన్లు తక్కువ వాలతాయని విన్నాం. దాన్నీ ఒక ట్రీట్‌మెంట్ చేయాలా?

వైరస్‌పసుపు
ఈసారికి వద్దు. అది నిజంగా పని చేస్తుంది. నల్ల మట్టి మీద ఒంటరిగా ఉన్న పచ్చ మొక్క రెక్కల పేనుకు లైటు వేసినట్టు కనబడుతుంది, బార్లీ ఆ తేడాను చెరిపేస్తుంది. కానీ బార్లీని బీట్ నాలుగు నుంచి ఆరు ఆకుల దశలోనే గడ్డిమందుతో చంపేయాలి. రెండు వారాలు ఆలస్యమైతే పేను తినాల్సిన దిగుబడి బార్లీ తింటుంది. అప్పుడు మీ ప్రయోగంలో తగ్గిన దుంప బరువు వైరస్‌దా, బార్లీదా, మందుదా ఎవరూ చెప్పలేరు.

లెక్కలమనిషి
ట్రాపుల గురించి చివరి మాట. గుంట ట్రాపులో పడ్డది ఎన్ని ఉన్నాయన్న లెక్క కాదు, ఎంత తిరుగుతున్నాయన్న లెక్క. పేనుబంక పోయాక ఆకలిగొన్న పెంకు పురుగు ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువ పడుతుంది. మందు కొట్టిన ప్లాటులో ట్రాపు లెక్క పెరిగినా సంఖ్య తగ్గి ఉండొచ్చు. అందుకే ప్లాటుకు నాలుగు చోట్ల అర మీటరు చదరం చట్రం పెట్టి, అందులోని మట్టి పై పొరను చేత్తో వెతికి లెక్కపెట్టండి. విసుగు పని, కానీ అదొక్కటే అసలు సంఖ్య.

పొలంగట్టు
ట్రాపు ఎలా పెట్టాలో కూడా చెప్పేస్తే ఇక అడగను.

పెంకుపురుగు
8–9 సెం.మీ. మూతి ఉన్న ప్లాస్టిక్ కప్పులు రెండు, ఒకదానిలో ఒకటి. బయటిది మట్టిలోనే ఉండిపోతుంది, లోపలిది తీసి మారుస్తారు. మూతి నేలకు సమంగా, ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవకుండా ఉండాలి. లేస్తే పురుగు అంచు తాకి పక్కకు తిరిగిపోతుంది. వాన పడ్డాక మట్టి దిగి అంచు బయటపడుతుంది, ప్రతిసారీ సరిచేయాలి. లోపల మూడో వంతు ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీళ్ళు, రెండు చుక్కల వాసన లేని డిటర్జెంట్. డిటర్జెంట్ లేకపోతే సాలీళ్ళు నీటి మీద నడిచి బయటపడతాయి. పైన 3 సెం.మీ. ఎత్తులో మేకుల మీద ఒక పలక మూత. గుంట తవ్విన మొదటి వారం మట్టి కదిలినందుకే ఎక్కువ పడతాయి. ఆ లెక్క పారేయండి, అంటే ట్రాపులు పిచికారీకి కనీసం రెండు వారాల ముందే నేలలో ఉండాలి.

పడ్డవాటిని 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, చీటీ మీద ప్లాటు నంబరు, తేదీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే సిరా ఆల్కహాల్‌లో కరిగి, నెల తర్వాత నలభై సీసాలు, నలభై తెల్ల చీటీలు మిగులుతాయి.